పప్పు ఏరుతూ నేర్చిన ఇంగ్లీషు

మొన్న సైనిక్‌పురిలో మా మనవరాలు 'ఎట్ ది ఎండ్'కీ 'ఇన్ ది ఎండ్'కీ తేడా ఏమిటని ఫోన్‌ని అడిగింది. ఫోన్ క్షణంలో చెప్పేసింది. రాంగోపాల్‌పేట్‌లో నాకు ఆ తేడా తెలియడానికి ఒక వేసవంతా పట్టింది, బోలెడు కందిపప్పు కూడా ఏరాల్సి వచ్చింది.

మా పక్కింటావిడ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. వాడలో అందరికీ ఆవిడ ఖాలాయే, అంటే పిన్ని. ఆ ఏడాది నాన్న కొట్టు మూతపడింది. ఇంటికి పెద్దపిల్లను నేను. ఒక క్లినిక్‌లో రిసెప్షన్ ఉద్యోగం ఉందని, అయితే ఇంగ్లీషు రావాలని తెలిసి అమ్మ నన్ను తీసుకెళ్ళి ఆవిడ ముందు కూర్చోబెట్టింది. ఖాలా పుస్తకం తియ్యలేదు. మోండా మార్కెట్ నుంచి తెచ్చిన పప్పు చాటలో పోసి నా ఒళ్ళో పెట్టారు. చేతులు పనిలో ఉంటే నోటికి భయం పోతుందని ఆవిడ నమ్మకం. ఉదాహరణలన్నీ ఇంటి సంగతులే. 'ఎట్ ది ఎండ్' అంటే సందు చివరి పాల దుకాణం. 'ఇన్ ది ఎండ్' అంటే, ఎన్నో గొడవల తర్వాత ఆవిడ అత్తగారు కోడలి ఉద్యోగానికి సరేననడం. ఆ కథ వినీ వినీ ఆ అత్తగారి మీద నాకే కోపం వచ్చేది. ఈ పాఠాల ధ్యాసలో రాళ్ళు పప్పులోనే ఉండిపోతున్నాయని ఖాలా ఇంట్లో అందరూ నన్ను తిట్టుకునేవారు.

ఇంటర్వ్యూ ముందురోజు నేర్చుకున్నదంతా కలగాపులగమైంది. ఏడ్చేశాను.

"ఏందమ్మా, గింతకే పరేషాన్ ఐతవా?" అన్నారు ఖాలా. "పప్పుల రాయో గింజో తెల్వకుంటే దగ్గరకి తీస్కొని మళ్ళ చూస్తవ్ గద. మాట సుత గంతే. సమజ్ కాకుంటే జెర మళ్ళ అడుగు. అడిగితే ఇజ్జత్ పోదు."

మర్నాడు డాక్టరుగారు ఒక రోగికి చెప్పమంటూ గబగబా ఇంగ్లీషులో ఏదో అన్నారు. మాత్రలు మానెయ్యమన్నారో, కాస్త ఆగి వేసుకోమన్నారో నాకు తేలలేదు. తలూపేద్దామనుకున్నాను. ఖాలా మాట గుర్తొచ్చి, మళ్ళీ చెప్పమని అడిగాను. ఆయన నవ్వారు.

"పొద్దున్నుంచి ఇంటర్వ్యూకి వచ్చినోళ్ళంతా తలూపి పోయిన్రు," అన్నారు. "రేపట్నుంచి రా అమ్మా."

ఆ ఉద్యోగంతో మా ఇల్లు నిలబడింది. మొదటి జీతం రాగానే మోండా మార్కెట్‌లో కందిపప్పు కొని, ఒక్క రాయి లేకుండా ఏరి ఖాలాకు ఇచ్చాను. ఆవిడ చాటలో పోసుకుని, కళ్ళజోడు పెట్టుకుని మరీ వెతికారు.

ఖాలా ఇప్పుడు లేరు. ఏరాల్సిన పని లేకుండా పప్పు ప్యాకెట్లలో వస్తోంది, ఇంగ్లీషు ఫోన్ చెబుతోంది. అందరికీ కాలం చాలా ఆదా అవుతోంది. నా దగ్గర మిగిలింది మాత్రం ఖాలా నా కోసం ఖర్చుపెట్టిన కాలమే.