పచ్చ గుర్తుకి అవతలి పక్క

“నీ కళ్ళతో నువ్వు చూశావా, లేదా? అది చెప్పు ముందు.”

“చూశాను.”

“చూసి కూడా ఆయన వెనకాలే బురదలోకి ఎలా పోనిచ్చావు?”

“అంత అనుభవమున్న మనిషి ముందు వెళ్తుంటే, మీరు రాంగ్ సైడ్ వెళ్తున్నారని రేడియోలో అందరూ వినేలా చెప్పమంటావా?”

“చెప్పాలి! రేడియో ఉన్నది దానికే కదా. రేపు క్రాస్ చేయాల్సింది షిప్పింగ్ చానల్. అక్కడ బురద ఉండదు, ఓడలుంటాయి.”

“ఎండ కళ్ళలో పడిందన్నారుగా. ఒక్కసారి మిస్ అయితే ఇంత రాద్ధాంతమా?”

“ఎండ మన వీపు వెనకుంది. నేనూ ఇదే పడవలో ఉన్నాను, మర్చిపోయావా?”

నా కూతురూ అల్లుడూ. పడవలో పోట్లాడుకోవడానికి చోటు చాలదు. ఒకరు చెయ్యి విసిరితే ఇంకొకరికి తగులుతుంది. వాళ్ళిద్దరి మధ్యా బల్ల మీద కాళ్ళు ముడుచుకుని నేను బెండకాయలు తరుగుతున్నాను. పైగా ఇద్దరూ గుసగుసల్లోనే. మా పడవకి ఆనించి ఇంకో రెండు పడవలు కట్టి ఉన్నాయి మరి. వాటిలో ఉన్నవాళ్ళకి తెలుగు ఒక్క ముక్క రాదు. ఆ సంగతి వీళ్ళకి తట్టలేదు.

మనవరాలు కాలేజీ హాస్టల్‌కి వెళ్ళిపోయాక, శని ఆదివారాలు ఏం చేసుకోవాలో తోచక వీళ్ళు ఒక పాత మోటారు పడవ కొన్నారు. నేను వద్దన్నాను. ఆష్‌బర్న్‌లో ఇల్లుంది, ఇంటికి వాకిలుంది, కూర్చోండి అన్నాను. వినలేదు. కొన్నాక మాత్రం, కొన్న వస్తువుని కట్టి ఉంచడం ఇంకా దండగ అని నేనూ ఎక్కాను. పడవలో మంచినీళ్ళు ఒక ట్యాంకుడే కాబట్టి, ఎక్కిన రోజే కుళాయి నా చేతిలోకి తీసుకున్నాను. గిన్నెలు ముందు బేలో, అంటే మేం తిరిగే సముద్రపు పాయలో, నీళ్ళతో తోమి, ఆఖరున ఒక్క చెంబు మంచినీళ్ళతో కడిగితే చాలు. అల్లుడు మొదట నవ్వాడు గాని, తర్వాత తనూ అలాగే చేయడం మొదలుపెట్టాడు.

మేం పడవ కట్టుకునే చోట పక్కనే ఒక పెద్దాయన పడవ ఉండేది. మా అల్లుడికి మోకు ముడి వేయడం దగ్గర్నుంచి గాలిని బట్టి పడవను రేవులోకి ఎలా చేర్చాలో దాకా అన్నీ ఆయనే నేర్పాడు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి, మోకులు లాగి అరచేతులు పుళ్ళు చేసుకుని, ఇంటికొచ్చి మాకు గొప్పగా చూపించేవాడు. ఆయన్ని కెప్టెన్ అని పిలిచేవాడు. ఎండాకాలంలో మూడు పడవలు కలిసి చిన్న చిన్న రేవులకి వెళ్ళేవాళ్ళం. ముందు పెద్దాయనది, మధ్యన మాది, వెనక రిటైరైన టీచర్లు, అక్కాచెల్లెళ్ళది. వాళ్ళతో ఒక కుక్క. సాయంత్రానికి ఏదో ఒక రేవులో మూడింటినీ పక్కపక్కన కట్టి, ఎవరు వండింది వాళ్ళు తెచ్చి కలిసి తినేవాళ్ళం.

నీళ్ళలో దారికి అటూ ఇటూ స్తంభాలుంటాయి. రేవులోకి వెళ్ళేటప్పుడు ఎర్ర గుర్తు కుడిచేతి పక్కన, పచ్చ గుర్తు ఎడమచేతి పక్కన ఉండాలి. వాటి మీద అంకెలుంటాయి. అంకెలు నాకూ వచ్చు కాబట్టి అది నాకు తొందరగానే పట్టుబడింది. ముందున్న పడవ ఆ అంకె రేడియోలో చెప్తుంది, వెనక ఉన్నవాళ్ళు తిరిగి చెప్తారు. అదీ పద్ధతి.

ఆ మధ్యాహ్నం రేవు ముఖంలో పెద్దాయన పచ్చ గుర్తుకి అవతలి పక్కగా వెళ్ళాడు. అంకె చెప్పలేదు. మా అల్లుడు ఒక్క క్షణం చక్రం మీద చేతులు బిగించాడు, ఆ తర్వాత ఆయన దారినే తిప్పాడు. మెత్తని బురద. రెండు పడవలూ అక్కడే కూర్చున్నాయి. అక్కాచెల్లెళ్ళు మాత్రం దూరంగా ఆగిపోయారు. పోటు వచ్చి పడవలు లేచేదాకా నేను బియ్యంలో రాళ్ళేరుకుంటూ కూర్చున్నాను. రాళ్ళు లేవు. ఊరికే కూర్చోలేక.

“ఇద్దరూ కాస్త ఆపండి,” అన్నాను పోట్లాట మధ్యలో. “ఆయనకి ఎండా లేదు, మంచూ లేదు. చూపు లేదు.”

కూతురు కత్తిపీట వైపు చూసింది, నన్ను చూడలేక. “అమ్మా, ఊరికే ఏదో అనకు.”

“ఆయన చక్రం దగ్గరుంటే వాళ్ళావిడ వెనకే నిలబడి భుజం మీద చెయ్యి వేస్తుంది చూశావా?”

“ఎంత బాగుంటారో అనుకున్నాం కదా మనం!”

“ఎడమ భుజం నొక్కితే పడవ ఎడమకి తిరుగుతుంది. కుడి భుజం నొక్కితే కుడికి. ఇవాళ లోపల గిన్నె దొర్లిన చప్పుడైతే ఆవిడ కిందికి దిగింది. ఆ కాసేపట్లోనే బురదలో పడ్డాం.”

మా అత్తగారికి శుక్లాలు వచ్చి చూపు మసకబారినప్పుడు చెయ్యి పట్టుకోనిచ్చేది కాదు. నేనేమన్నా గుడ్డిదాన్నా అని కసిరేది. అందుకని వెనకే నడుస్తూ, ఆవిడ పైట సర్దుతున్నట్టు భుజం మీద చెయ్యి వేసి ఇటూ అటూ నొక్కేదాన్ని. వీధిలో ఎవరికీ తెలియలేదు. అందుకే ఈవిడ చెయ్యి చూడగానే నాకు తెలిసిపోయింది. అప్పటిదాకా సవ్యంగా సాగుతున్న దాన్లో తలదూర్చడం ఎందుకని ఊరుకున్నాను.

“అయితే ఇంక అసలు చెప్పలేను అత్తయ్యా,” అన్నాడు అల్లుడు. “బయటపడితే ఆయన బోటు అమ్మేస్తారు. బోటు లేకపోతే ఆ మనిషికి ఏముంది? టీవీ ముందు కుర్చీ.”

“చెప్పకపోతే?” అంది కూతురు.

“ఆ డబ్బా ఇటివ్వు,” అన్నాను. మొన్న ఆవిడ కేకు పెట్టి పంపిన డబ్బా. కడిగి తుడిచి ఉంచాను. ఖాళీది ఎలా ఇస్తాం? జంతికలు పోసుకుని బయల్దేరాను.

పక్క పడవలో అడుగు పెట్టేముందు పిలిచి అడగాలి, చెప్పులు విప్పాలి. వాళ్ళ పద్ధతుల్లో నాకు నచ్చింది అదొక్కటే. ఆవిడ వెనక భాగంలో కూర్చుని, వాడిన అల్యూమినియం కాగితాన్ని కడిగి ఎండలో ఆరబెడుతోంది. ఈ దేశంలో ఆ పని చేసే మనిషిని నేను ఆవిడనే చూశాను. మాకు కుదిరింది అందుకే. మా ఇద్దరి మధ్యా మాటలు తక్కువ.

“యువర్ హ్యాండ్,” అని నా భుజం మీద చెయ్యి వేసి చూపించాను. “హిజ్ ఐస్. ఐ నో.”

ముందు బాగానే ఉన్నాడంది. తర్వాత డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. ఎదురుగా ఉన్నది కనబడదట, పక్కన ఉన్నది కాస్త కనబడుతుందట. చలికాలంలోనే డాక్టరు చెప్పాడట. కారు తాళాలు తనే ఇచ్చేశాడట. పడవ సంగతి మాత్రం ఎత్తొద్దన్నాడట. ఆ ఇంగ్లీషంతా నాకెలా అర్థమైందంటే, ఏమో, అర్థమైంది.

“టుమారో బిగ్ షిప్,” అన్నాను. “హ్యాండ్ నాట్ ఇనఫ్.”

ఆవిడ నా వెనక్కి చూస్తోంది. తిరిగి చూస్తే లోపలి మెట్ల మీద ఆయన. ఎప్పుడొచ్చాడో!

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?” అన్నాడు వాళ్ళ భాషలో.

“ఫస్ట్ డే.”

“అతనికి?”

“టుడే. ఐ టెల్.”

“అంటే మధ్యాహ్నం అతనికి తెలియదు. మరి ఆ పచ్చ గుర్తు?”

“హి సీ.”

“చూశాడా? చూసి నా వెనకాలే వచ్చాడా?” గొంతు పెద్దదైంది. “ఎందుకు?”

దీనికి ఇంగ్లీషు నా దగ్గర లేదు. ఉన్నదాంతోనే సర్దుకున్నాను. “యూ బిగ్. యూ ఫ్రంట్. హి బ్యాక్. అవర్ పీపుల్ లైక్ దట్.”

నవ్వబోయాడు. నవ్వు రాలేదు. వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. “రేపు ఓడ ఎదురొచ్చినా అలాగే వచ్చేవాడా?”

ఆలోచించాను. మనసు నొస్తుందని అబద్ధమాడటం నాకు చేతకాదు. “హి కమ్,” అన్నాను.

కాసేపటికి ఆయన డబ్బాలో చెయ్యిపెట్టి ఒక జంతిక తీసి కొరికాడు. చాలా గట్టిగా ఉందన్నాడు.

“నీ పళ్ళకేం కాలేదుగా, కానివ్వు,” అంది ఆవిడ.

మర్నాడు పొద్దున ఆకాశం తేటగా ఉంది. ఉప్మా చేసి అందరికీ పెట్టాను. పెద్దాయన మా పడవ అంచు దగ్గరికొచ్చి, అక్కాచెల్లెళ్ళు కూడా వినేలా చెప్పాడు: తన కళ్ళకి ముందున్నది కనబడటం లేదు, ఇకమీదట చక్రం తన భార్యది. తర్వాత మా అల్లుడితో, “నువ్వు ముందు వెళ్ళు,” అన్నాడు.

“నేనా? నో, నో, కెప్టెన్...”

“చూసింది చూసినట్టు రేడియోలో చెప్పు. ఎవరు తప్పు వెళ్తున్నా కేకెయ్యి. అందులో అమర్యాద ఏమీ లేదు.”

ఆవిడకి అంత దూరం ఒంటరిగా నడపడం కొత్త. టీచర్లలో అక్క ఆవిడకి తోడు వెళ్ళింది, చెల్లెలు కుక్కతో తమ పడవలో వచ్చింది. మా అల్లుడు ప్రతి గుర్తూ గొంతు సవరించుకుని మరీ చెప్పాడు. వెనకనించి ఆవిడ తిరిగి చెప్పింది. ఓడలు తిరిగే దారి అంచున మూడు పడవలూ ఆగాయి. ఇనప్పెట్టెలు మేడల్లా పేర్చుకున్న ఓడ ఒకటి వెళ్ళిపోయింది. దాని అలలు తగ్గాక దాటాం.

అవతలి రేవులో మేం ముందు కట్టేసుకున్నాం. అల్లుడు గట్టు మీదికి దూకి ఆవిడ పడవ కోసం నిలబడ్డాడు. పెద్దాయన మోకు చుట్టి చేతిలో పట్టుకుని ముందు భాగంలో నిలబడి ఉన్నాడు. విసిరాడు. నీళ్ళలో పడింది. లాక్కుని, తడిసిన మోకు మళ్ళీ చుట్టుకున్నాడు.

“ఎక్కడున్నావు? మాట్లాడు,” అన్నాడు.

“ఇక్కడ, కెప్టెన్,” అన్నాడు అల్లుడు.

రెండోసారి అందింది.