రత్నమ్మకు ఎక్కించిన సీసా

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, మందుల పరిశోధన సంస్థలో సీనియర్ మైక్రోబయాలజిస్టుగా ఉన్న నన్ను మదనపల్లెలో ఒక ఆసుపత్రికి పంపారు. పాత యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా కోసం మా సంస్థ తయారుచేసిన కొత్త మందును అక్కడ రోగులకు ఇచ్చి పరీక్షిస్తున్నారు. రోగుల నమూనాల్లోని బ్యాక్టీరియాను పెంచి, అది ఏ మందుకు చస్తుందో చూడటం నా పని.

పుంగనూరు నుంచి రత్నమ్మను తీసుకొచ్చారు. టమోటా మండీలో కాయలు ఏరే పనికి పోయేది. మూత్రపిండాల్లో ఇన్‌ఫెక్షన్, ఒళ్లు ఊపేసే చలిజ్వరం. ఆమె బ్యాక్టీరియా మా గాజు పళ్లెంలో, మందు అద్దిన కాగితపు బిళ్లల అంచులదాకా దట్టంగా పెరిగింది. అంటే ఆ మందులేవీ పనిచేయవు. మిగిలింది మూత్రపిండాలను దెబ్బతీసే ఒక పాత మందు, లేదా మా ట్రయల్.

ట్రయల్‌లో చేరితే కొత్త మందా, ఆ పాత మందా అన్నది కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఎక్కించే సీసాలో ఏ మందుందో రోగికీ, డాక్టరుకూ, నాకూ తెలియదు. తెలిస్తే మా ఆశలు ఫలితంలోకి చొరబడతాయి.

డాక్టరు ఇదంతా వివరించగానే ఆమె కొడుకు మునెప్ప నా మీదికి లేచాడు.

“యాల మేడం? మా యమ్మ మింద ప్రయోగాలు సేస్తారా?”

రత్నమ్మ అతణ్ని ఆపింది. “నాకు పాతదే వస్తే?” అని అడిగింది.

“రావచ్చమ్మా. చేరకపోయినా అదే ఇస్తారు. ఎప్పుడు వద్దనుకున్నా మానుకోవచ్చు,” అన్నాను.

“దాసకుండా సెప్తిరి. అది సాలు,” అని వేలిముద్ర వేసింది.

మొదట్లో జ్వరం దిగలేదు. మునెప్ప ల్యాబు తలుపు దగ్గర నిలబడి చూసేవాడు. ఆమెను ట్రయల్ నుంచి తప్పించాలా అని డాక్టర్లు ఆలోచిస్తుండగా, కొత్తగా పెంచిన పళ్లెంలో బ్యాక్టీరియా పలచబడింది. ఆ తర్వాతి పళ్లెంలో ఏమీ మొలవలేదు. ఆ మాట నేనే వెళ్లి చెప్పాను. మునెప్ప వాళ్లమ్మ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు.

ట్రయల్ ముగిసి వివరాలు బయటపెట్టాక తెలిసింది, ఆమెకు వచ్చింది పాత మందేనని. దాని వల్ల ఆమె మూత్రపిండాలు దెబ్బతిని, తర్వాత మెల్లగా తేరుకున్నాయి. ఏ మందో తెలిశాక వచ్చి చెబుతానని ఆసుపత్రిలోనే ఆమెకు మాటిచ్చాను కనుక పుంగనూరు వెళ్లాను.

“కొత్తది నాకు రాలేదా? పోనీలేమ్మా, బతికుండాను గదా. మరి వచ్చినోళ్లకు బాగయిందా?”

“చాలామందికి అయింది. వాళ్ల మూత్రపిండాలకు అంత ఇబ్బంది రాలేదు. మీలా పాత మందు తీసుకున్నోళ్లతో పోల్చి చూశాం కాబట్టే ఆ మాట చెప్పగలుగుతున్నాం.”

“కూసోండి మేడం, అన్నం తినిపోదురు,” అన్నాడు మునెప్ప.

కొత్త మందు పనిచేస్తుందని చెప్పాలంటే అది అందని రోగులు కూడా కావాలి. వాళ్లను కంట్రోల్ గ్రూపు అంటారని చదువుకునే రోజుల నుంచీ తెలుసు. వాళ్లు ఏం పణంగా పెట్టి ఆ గ్రూపులో ఉంటారో మాత్రం ఆ ఇంట్లో తెలుసుకున్నాను.