రిపోర్ట్‌లో రాయని పేరు

నిన్న పొద్దున్న గూడెం స్టేషన్‌లో ఏలూరు ప్యాసింజర్ కోసం కూర్చుని ఉన్నాను. తమ్ముడు ఫోన్ చేశాడు.

"అత్తయ్య ఇక లేరక్కా" అన్నాడు.

నేను వెళ్తున్నది ఆవిడ దగ్గరికే. బ్యాగ్‌లో ఆవిడకి చూపించాల్సిన కాగితాలు కూడా ఉన్నాయి.

ట్రైన్ వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. తర్వాతి దాంట్లో వెళ్లాను.

అత్తయ్య మా నాన్నగారి అక్క. తొంభై ఆరేళ్లు. ఏలూరులో చర్చివాళ్ల కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైర్ అయ్యారు. అందరికీ హిస్టరీ మేడమ్. ఆ కాలేజీ ఇప్పుడు యూనివర్సిటీ. ఇది చదివే పాత స్టూడెంట్లలో సగంమంది ఆవిడ చేత చీవాట్లు తిన్నవాళ్లే.

చివరి పదేళ్లు ఆవిడ ఏం చేశారో మాత్రం మీలో చాలామందికి తెలియదు. అది చెబుదామనే ఇది రాస్తున్నాను.

1930ల్లో ఒక ఏడాది ఆ కాలేజీ ప్రిన్సిపాల్ దొరగారు సెలవు మీద వాళ్ల దేశం వెళ్లారు. ఆ ఏడాదంతా కాలేజీని నడిపింది మా తాతయ్య, అంటే అత్తయ్య నాన్నగారు. ఆ కుర్చీలో తెలుగు మనిషి కూర్చోవడం అదే మొదలు.

ఏడాది చివర యాన్యువల్ రిపోర్ట్ రాసి, కాలేజీ డే నాడు చదవాల్సింది ప్రిన్సిపాలే. అక్కడ ఒక పద్ధతి ఉండేది. రిపోర్ట్ రాసేవాళ్లు తమ గురించి తాము రాసుకోకూడదు. గొప్పలు చెప్పుకోవడం క్రైస్తవ లక్షణం కాదని.

తాతయ్య దాన్ని అక్షరాలా పాటించారు.

ఆ రిపోర్ట్ నేను చదివాను. అందులో అందరూ ఉన్నారు. లెక్కల మాస్టారు మద్రాసులో ఎం.ఏ. పాసైన సంగతి ఉంది. తెలుగు పండితులుగారి వ్యాకరణ పుస్తకం అచ్చయిన సంగతి ఉంది. సైన్స్ లెక్చరర్‌గారు స్టూడెంట్స్‌ని పడవెక్కించి కొల్లేరంతా తిప్పి, చేపల రకాలు సీసాల్లో పెట్టి తెచ్చారట. రెండు రకాలు మాత్రం సీసాలోకి వెళ్లకముందే పడవవాళ్లింట్లో పులుసైపోయాయి. తాతయ్య అది కూడా దాచకుండా రాశారు.

ఆ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడల్లా అత్తయ్య నవ్వేవారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివేవారు.

ఇంతమంది ఉన్న రిపోర్ట్‌లో తాతయ్య పేరు ఎక్కడా లేదు.

దాంతో యూనివర్సిటీ అయ్యాక ప్రిన్సిపాళ్ల పేర్లతో బోర్డు పెట్టినప్పుడు, ఆ ఏడాది కూడా సెలవులో ఉన్న దొరగారి ఖాతాలోకే వెళ్లిపోయింది.

అత్తయ్యకి అది మింగుడుపడలేదు. తను పోయేలోగా సరి చేయించాలని పట్టుబట్టారు. ఆఫీసుకి వెళ్లారు. నేను పక్కనే ఉన్నాను.

"ప్రూఫ్ ఏమైనా ఉందాండీ మేడమ్?" అన్నాడు క్లర్క్.

"నేనున్నాను కదండీ" అన్నారు అత్తయ్య.

అతను పాపం మంచివాడే. కాగితం కావాలన్నాడు.

అప్పటికి ఆవిడకి ఎనభై ఆరు. కైకలూరు, కామవరపుకోట, ఎక్కడ పాత స్టూడెంట్లు ఉంటే అక్కడికి ఆర్టీసీ బస్సులో వెళ్లేవారు. కారు పెడతానంటే వద్దనేవారు. మీ తాతలు ఎక్కడ చదివారు, వాళ్ల కాగితాలు ఉన్నాయా అని అడగడమే పని. ఇంట్లోవాళ్లం విసుక్కున్నాం. నేనూ విసుక్కున్నాను, ఇప్పుడు సిగ్గుగా ఉంది.

చివరికి నిరుడు కలిదిండిలో ఒక రైతు ఇంట్లో దొరికింది. వాళ్ల తాతగారి కాండక్ట్ సర్టిఫికెట్. ట్రంకుపెట్టె అడుగున, చీర ముక్కలో చుట్టి దాచారు. కింద మా తాతయ్య సంతకం, దాని కింద యాక్టింగ్ ప్రిన్సిపాల్ అని, తేదీతో సహా.

తన రిపోర్ట్‌లో పేరు రాసుకోని మనిషికి, స్టూడెంట్ కాగితం మీద మాత్రం సంతకం పెట్టక తప్పలేదు మరి.

యూనివర్సిటీవాళ్లు మర్యాదగా ఒప్పుకున్నారు. ఇక ఈవిడ మొదలుపెట్టారు. "నాన్న పేరొక్కటే పెడితే ఆయన ఒప్పుకోరండీ. ఆ ఏడాది పనిచేసినవాళ్లందరి పేర్లూ రావాలి."

సరే, ఈ ఏటి యూనివర్సిటీ రిపోర్ట్‌లో ఆ పాత ఏడాది మీద రెండు పేజీలు వేస్తామన్నారు. అవి అత్తయ్యే రాశారు. పులుసు సంగతితో సహా.

కిందటి నెల బోర్డు మీద పేరు రాశారు. ఆటోలో తీసుకెళ్లాను. చాలాసేపు చూశారు. "యాక్టింగ్ అని కూడా రాయించవే, అబద్ధం ఎందుకు?" అన్నారు. రాయించాం.

పోయిన వారం ఆ రెండు పేజీల అచ్చు ప్రూఫ్ దిద్దడానికి వచ్చింది. చివర ఆవిడ పేరు, ఫోటో వేశారు. అత్తయ్య ఎర్ర పెన్నుతో రెండూ కొట్టేశారు.

"రాసినవాళ్ల పేరు వెయ్యకూడదే."

నాకు కోపం వచ్చింది. "ఆ పద్ధతి వల్లే కదండీ పదేళ్లు ఊళ్లు పట్టుకు తిరిగారు?"

"తిరిగాను. నాన్న కాబట్టి తిరిగాను. నా కోసం ఎవరూ తిరగక్కర్లేదులే" అన్నారు.

నిన్న నా బ్యాగ్‌లో ఉన్నవి ఆ పేజీలే. ఫైనల్ ప్రింట్. ఆవిడ చెప్పినట్టే పేరు తీసేసి ఇచ్చారు. నిన్న సాయంత్రం సమాధికి ముందు, శవపేటికలో ఆవిడ చేతుల కింద పెట్టాను.

తాతయ్య పేరు బోర్డు మీద ఉంది, వెళ్లి చదువుకోండి.

రాసేవాళ్లు తమ పేరు రాసుకోకూడదు. ఒప్పుకుంటాను అత్తయ్యా. కానీ ఇది రాస్తున్నది నేను.

ఆవిడ పేరు గ్రేస్ సుగుణవతి.

ఇక ఏ బస్సూ ఎక్కక్కర్లేదు అత్తయ్యా. ప్రభువు దగ్గర, మీ నాన్నగారి పక్కన, నిదానంగా కూర్చోండి.