నది పక్క ఇంట్లో మంచం

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి. భయంతో కాదు, విసుగుతో. ఇప్పుడు నమ్మకం కుదిరిందని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తొంభైల మొదట్లో గల్ఫ్‌లో నిజ్వా అనే ఊళ్ళో, ఒక కంపెనీలో ఇళ్ళ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసేవాణ్ణి. భార్య శారద, ఆరేళ్ళ కూతురు స్వాతి నాతోనే ఉండేవారు. మాది జగిత్యాల. ఆ ఏడు వేసవిలో కంపెనీ నన్ను మూడు నెలల శిక్షణకు జర్మనీ పంపుతానంది. కుటుంబాన్ని తీసుకెళ్ళవచ్చు, ఇల్లు మాత్రం మేమే చూసుకోవాలి. మా జర్మన్ ఇంజనీరు శిక్షణ జరిగే చిన్న ఊళ్ళో నది ఒడ్డున అద్దెకిచ్చే మూడు ఇళ్ళ చిరునామాలు ఇచ్చాడు. జాబులు రాస్తే ఫొటోలు, చేత్తో గీసిన గదుల ప్లాన్లు వచ్చాయి.

శుక్రవారం భోజనాలయ్యాక శారద వాటిని చాప మీద పరిచేది. మా కిటికీ బయట ఎండిన ఏరు, దాని నిండా తెల్లటి రాళ్ళు. ఆమె ఫొటోలోని నీళ్ళ మీద వేలు ఆనించి చాలాసేపు అలాగే కూర్చునేది.

ఒక ఇంటి మెట్లు మరీ నిటారు. ఇంకోదాని వరండా నీళ్ళ మీదికే ఉంది, పిల్లతో భయం. వెనక తోట ఉన్న మూడోది ఇద్దరికీ నచ్చింది. కానీ ప్లాన్ చూసి శారద ఆగిపోయింది.

"మంచం తల ఉత్తరం దిక్కున్నది గద. రోజూ గీసేది ఇవే, మీకు కనబడలే?"

"వాళ్ళకు గవన్నీ ఉండయి. నవ్వుతరు."

"నవ్వనియ్యుండ్రి. పండుకునేది నా బిడ్డ. తూర్పుకు తిప్పుమని రాయుండ్రి."

ఉత్తరానికి తల పెట్టి పడుకోకూడదని మా ఇళ్ళలో చిన్నప్పటి నుంచి చెబుతారు.

ఇల్లు ఖాయం చేస్తూ జాబు రాశాను. మంచం సంగతి రాయలేదు, సిగ్గేసింది. "రాసిండ్రా?" అని ఆమె అడిగితే "రాసిన" అన్నాను.

రెండు వారాలకు శారద తలనొప్పి అని పడుకుంది. మూడో రోజు ఆసుపత్రిలో పోయింది.

జగిత్యాలలో కర్మలు అయ్యాక ఆమె చెల్లెలు అంది: "ఆడపిల్లను ఒక్కరు ఎట్ల సాదుతరు బావా? ఈడనే ఉండనియ్యుండ్రి."

కాదనలేకపోయాను. స్వాతిని అక్కడే వదిలి, జర్మనీ ఇల్లు వద్దని రాద్దామనుకుంటూ నిజ్వా వచ్చాను.

పోస్టుబాక్సులో ఆ జర్మనీ ఇంటి యజమానురాలి జాబు ఉంది. తేలికైన ఇంగ్లీషు. మీ భార్య కోరినట్టు మంచం తల తూర్పుకు తిప్పించాం, పక్కనే పాప మంచం వేశాం, అని.

శారదకు ఇంగ్లీషు రాదు. మా ఇంట్లో ఫోన్ లేదు. నేను రాసిన జాబు కార్బన్ కాపీ తీసి చూశాను, అందులో మంచం మాటే లేదు. ఇంజనీరు తనకేమీ తెలియదన్నాడు.

ఎలా తెలిసిందని ఇంటావిడకు రాశాను. జవాబు వచ్చింది. ఒక మధ్యాహ్నం నది మీద పొగమంచు ఇంకా విడలేదట. చీర కట్టుకున్న ఒకావిడ తోట గుమ్మం దగ్గర నిలబడిందట. మీ భార్య ముందుగా వచ్చారనుకుని గది చూపించాను, అని రాసింది. ఆమె ఏమీ మాట్లాడలేదట. మంచం తలాపున చెయ్యి పెట్టి, ఆ చేతిని తూర్పు కిటికీ వైపు తిప్పిందట. తర్వాత పిల్ల ఎత్తు చూపించి వెళ్ళిపోయిందట.

ఇంటావిడ తేదీ కూడా రాసింది. శారద పోయిన మరునాడు. ఆ రోజు ఆమె శరీరం ఊరికి పంపే కాగితాల కోసం నిజ్వా ఆసుపత్రిలోనే ఉంది. చీర రంగు ఏమిటని నేను అడగలేదు.

పిల్ల ఎత్తు చూపించిందన్న వాక్యాన్ని దాటి చాలాసేపు చదవలేకపోయాను. ఆ నెలలోనే జగిత్యాల వెళ్ళి స్వాతిని తెచ్చుకున్నాను. మరదలు చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

వేసవిలో ఇద్దరం జర్మనీ వెళ్ళాం. ఆ గది నేల మీద మంచం కోళ్ళ పాత గుర్తులు అలాగే ఉన్నాయి. ఊళ్ళో మరో భారతీయురాలు ఉందేమోనని మూడు నెలలూ వాకబు చేశాను. లేదన్నారు. స్వాతి రోజూ తూర్పుకు తల పెట్టి నిద్రపోయింది.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇంతకు మించి నాకేమీ తెలియదు. "రాసిన" అని నేను చెప్పింది అబద్ధమని మాత్రం తెలుసు. ఆమెకూ తెలిసే ఉంటుంది.