రన్‌వే మీద రాగి కంకులు

మా మరదలి పెళ్లి దొనకొండలో, ముహూర్తం మధ్యాహ్నం. మా కేజీఎఫ్ విమానాశ్రయం నుంచి అక్కడి విమానాశ్రయానికి గంట కూడా పట్టదని ఓ వెబ్‌సైట్‌లో చదివాను. విమానంలో దిగే అల్లుడి మర్యాదే వేరనుకుని, ముందురోజే బంగారుపేటలో రైలెక్కుదామన్న మా ఆవిడ మాట తోసేశాను. టికెట్ బస్సులోలాగా అక్కడే ఇస్తారనుకున్నాను.

పెళ్లినాటి పొద్దున పెట్టెలతో వెళ్తే రన్‌వే నిండా రాగి కంకులు పరిచి ఉన్నాయి.

"యాడికప్పా పెట్టెలెత్తుకొని?" అంది కంకులు తిరగేస్తున్న అవ్వ.

"విమానానికి."

"రానీప్పా, కంకులన్నా నలుగుతాయి! నేను కోడలుగా వచ్చినప్పట్నించి ఒగటీ దిగలేదు."

వెబ్‌సైట్ చెప్పింది దూరం లెక్కేగానీ, విమానం ఉందని కాదని అప్పటికి నా బుర్రకెక్కింది. బస్సులు మారి చేరేసరికి పందిరి విప్పుతున్నారు. చెల్లెలికి తాళి కట్టడం మా ఆవిడ ఫోటోలోనే చూసింది.

ఇప్పుడు ఏ ఊరికైనా ఎంతసేపు పడుతుందో నేను చెప్పబోతే, "ముందు ఎక్కేదేందో చెప్పండి!" అంటుంది.