పద్మ వాళ్ళింటి ఉగాది పుస్తకం

మా చిన్నప్పుడు ఉగాది దగ్గర పడుతోందంటే పండగ సంబరం కంటే ముందు నాకు కుళ్ళు మొదలయ్యేది... పక్కింటి పద్మని చూసి.

మాది నకరికల్లు దగ్గర పల్లె. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళు చూసొచ్చామంటే చలి పోయినట్టే. ఒంటిపూట బడులు... వేపచెట్ల నిండా పూత... అరుగు మీదికి కొత్త కుండ. మా ఇంట్లో మాత్రం అది మిరపకళ్లం కాలం. బడి నుంచి రాగానే సంచి పడేసి, కళ్లంలో అమ్మ పక్కన కూర్చుని ఎర్రటి కాయల్లోంచి తెల్లబడిన తాలుకాయలు ఏరడమే నా పని.

పద్మ వాళ్ళు పొలం కౌలుకిచ్చేశారు. వాళ్ళ నాన్న బియ్యం మిల్లు చూసుకునేవాడు. కాబట్టి ఆ పిల్లకి కళ్లమూ లేదు, ఎండా లేదు. కొత్తగా వేసిన తాటాకు పందిరి కింద, కొత్త కుండ పక్కన గోడకి చేరగిలబడి, కాళ్ళు బారజాపుకుని పుస్తకం చదువుకునేది. నేను తలకి గుడ్డ చుట్టుకుని ఆ దారినే కళ్లానికి పోతూ కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేముంది...

ప్రతి ఉగాదికీ వాళ్ళ మేనమామ నరసరావుపేట నుంచి ఒక కొత్త కథల పుస్తకం తెచ్చేవాడు. దాని నాలుగు మూలలకీ పసుపు రాసి, దేవుడి గూట్లో కొత్త పంచాంగం పక్కన పెట్టేవాళ్ళు. పండగనాడు పచ్చడి తిన్నాక పద్మే దాన్ని మొదట తెరవాలి. అది వాళ్ళింటి ఆనవాయితీ.

తర్వాత నాకూ ఇచ్చేది, అబద్ధమెందుకు... కానీ ఇచ్చేముందు కథలన్నీ చివరిదాకా చెప్పేసేది. రాకుమారి ఎక్కడ దొరికిందో, దొంగ ఎవరో, అన్నీ. చెరుకు రసం తను తాగేసి పిప్పి నా చేతిలో పెట్టినట్టుండేది. ఒక్క కథ... ఒక్కటంటే ఒక్క కథ పద్మ కంటే ముందు చదవాలని నాకు పంతం పట్టుకుంది.

అప్పుడు ఐదో తరగతి. ఉగాది ముందురోజు సాయంత్రం నేను కళ్లం నుంచి రాగానే, అమ్మ చేటలో వేపపూత పోసి పద్మ వాళ్ళకి ఇచ్చి రమ్మంది. వాళ్ళ దొడ్లో వేపచెట్టు లేదు, ఏటా మా చెట్టు పూతే. నేను వెళ్ళేసరికి అందరూ వీధి గుమ్మానికి మామిడాకులు కడుతున్నారు. చేట లోపల పెట్టి పొమ్మంది వాళ్ళ నాయనమ్మ.

లోపల పెట్టాను. గూట్లో పుస్తకం కనబడింది. అటూ ఇటూ చూశాను... తీశాను. కొత్త కాగితం వాసన, పసుపు వాసన... తలుపు చాటున నిలబడి మొదటి కథంతా గబగబా చదివేశాను. పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చాను. ఆ పూట పచ్చిపులుసు కూడా పాయసంలా ఉంది.

ఒక్కటే మర్చిపోయాను. కళ్లం నుంచి వచ్చి చేతులు కడుక్కోలేదు.

మర్నాడు పొద్దున్నే తలంటి పోసుకుని, కొత్త పరికిణీ కట్టుకుని, మా ఇంటి పచ్చడి గిన్నె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పచ్చడి ఒక వంక. పద్మ ఆ పుస్తకం తెరుస్తుంటే చూడాలి, అదీ సంగతి. దానికి వేలు నాలుకతో తడి చేసుకుని పేజీ తిప్పే అలవాటు. నాలుగు పేజీలు తిప్పిందో లేదో పెదాలు మండాయి. తుడుచుకుంది. ఆ చేత్తోనే కళ్ళు నలుపుకుంది... ఇక ఒకటే ఏడుపు. సంవత్సరాది పూట ఏడిస్తే ఏడాదంతా ఏడుపేనని వాళ్ళమ్మ కంగారు. చన్నీళ్ళతో కడిగారు, రెప్పల మీద వెన్నపూస రాశారు.

నాయనమ్మ మాత్రం పుస్తకం తీసి వాసన చూసింది. ఆ ఇంట్లో కళ్లానికి పోయేవాళ్ళెవరూ లేరు. నన్ను దగ్గరికి పిలిచి నా అరచెయ్యి వాసన చూసింది. తలంటి పోసుకున్నా మిరపఘాటు నా వేళ్ళని వదల్లేదు. ఆవిడ నా చెయ్యి వదిలేసి, పుస్తకం తీసుకెళ్ళి పద్మ పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేది.

పద్మ కళ్ళు మూసుకునే అంది, "అడిగితే ఇచ్చేదాన్ని గదే."

"ఇచ్చేదానివే. చివర ఏమైద్దో చెప్పి ఇచ్చేదానివి" అన్నాను. కుళ్ళు, భయం, సిగ్గు అన్నీ కలిసి నాకూ ఏడుపొచ్చేసింది.

పద్మ తడుముకుంటూ పుస్తకం నా వైపు తోసింది. "నాకు కళ్ళు తెరుచుకోట్లేదు. నువ్వే చదువు. చివర ఏమైద్దో ముందే చెప్పమాక."

శనగపిండితో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాను. పందిరి కింద, కొత్త కుండ పక్కన కూర్చుని మధ్యాహ్నం దాకా చదివి వినిపించాను. ఇన్నాళ్ళూ నేను కోరుకున్న చోటు అదే. అయినా నా బుద్ధి చూడండి... కళ్ళు మూసుకుని కాళ్ళు బారజాపుకుని వింటున్న పద్మని చూసి అప్పుడు కూడా కుళ్ళుకున్నాను. దానికి చదివిపెట్టే మనిషి కూడా ఉంది కదా అని.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఫ్లాటులో ఉంటున్నాను. వేపపూత పొట్లాల్లో కొనుక్కుంటున్నాం. ఫోన్లో నొక్కితే రెండు రోజుల్లో కొత్త పుస్తకం గుమ్మంలో ఉంటుంది. నాకంటే ముందు చదివేవాళ్ళు లేరు, నన్ను చూసి కుళ్ళుకునేవాళ్ళూ లేరు. సగం పుస్తకాలు వచ్చిన అట్టపెట్టెల్లోనే ఉన్నాయి...

పద్మ ఊళ్ళోనే ఉంది. మొన్న ఉగాదికి ఫోటో పెట్టింది. తాటాకు పందిరి, కొత్త కుండ, మూలలకి పసుపు రాసిన కొత్త పుస్తకం. కడుపు మండింది. లైక్ కొట్టబుద్ధి కాలేదు. రెండు రోజులు ఓర్చుకుని, చివరికి కింద రాశాను... "చివర ఏమైద్దో చెప్పమాకే. వస్తున్నా."

మీరు చిన్నప్పుడు ఎవర్ని చూసి కుళ్ళుకున్నారో మీరూ చెప్పండి. నేనొక్కదాన్నే బయటపడితే ఏం బాగుంటుంది...

పద్మ జవాబు నిమిషంలో వచ్చింది.

"చేతులు కడుక్కొని రా."