సీటు కింద స్క్రూడ్రైవర్

నిన్న బెడోక్ హాకర్ సెంటర్లో, అంటే మా ఇంటి దగ్గరి తిండి కొట్ల సావిట్లో, కోపీ అని ఇక్కడివాళ్లు పిలిచే కాఫీ తాగుతుంటే, మా పై అంతస్తులో ఉండే విజయనగరం అమ్మాయి ఎయిర్ షో పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. చాంగీ బిజినెస్ పార్కులో పెద్ద ఉద్యోగమే గాని, పాపం, నా మాటలు నమ్ముతుంది. "అంకుల్, మీరు బాగుచేసిన జెట్ ఇదే కదా? మీ పేరెక్కడా లేదేంటి?" అంది.

ఆ విమానం చరిత్ర రెండు పేజీలు వేశారు. యుద్ధవీరుడట. వీరుడా, నా మొహమా! అది యుద్ధమే చూడలేదు. కొత్త పైలట్లు నేర్చుకోవడానికి తొక్కి తొక్కి, ఒళ్లు హూనమయ్యాక షెడ్డు మూలన పడేసిన శిక్షణ విమానం. గాలి పీల్చే గొట్టంలో మైనాలు కాపురం పెట్టాయి. తుక్కు కింద పోవలసినదాన్ని ఒక దొర సరదాపడి కొన్నాడు. ఇంజిన్‌కీ ఇస్త్రీపెట్టెకీ తేడా తెలియని ఆ పెద్దమనిషి ఫొటోలు పుస్తకంలో ఆరున్నాయి. ఒకదాంట్లో రెంచి తలకిందులుగా పట్టుకున్నాడు. ఇక జనమంటారా, తలలెత్తి చప్పట్లు కొట్టేది మేం పూసిన రంగుకి.

మేం అన్నాను గాని, నాలుగేళ్లు కూర్చుని దాన్ని మళ్లీ విమానం చేసింది తంజావూరు వైపు నుంచి వచ్చిన మా మేస్త్రీ. ఇంజిన్ నేనే దించి ఎక్కించానని అమ్మాయికి ఇదివరకు చెప్పుకున్నాను. నిజానికి నా వంతు పని సీట్లు, వాటి కింది రేకులు.

మా షెడ్డులో పనిముట్ల బోర్డు ఉండేది. ఏ పనిముట్టు ఎక్కడ తగిలించాలో దాని ఆకారం గీసి ఉంటుంది. సాయంత్రానికి ఒక్క చోటు ఖాళీగా ఉన్నా విమానం కదలకూడదు. అది మళ్లీ ఎగరబోయే ముందురోజు నా స్క్రూడ్రైవర్ కనబడలేదు. చెబితే తిడతారని, కొట్లో అలాంటిదే కొనుక్కొచ్చి తగిలించాను. మేస్త్రీ బోర్డు చూసి, అన్నీ ఉన్నాయని సంతకం పెట్టాడు.

మర్నాడు అతిథులొచ్చారు. పైలట్ ఎక్కి కూర్చున్నాడు. అప్పుడు నేను చేతులు చాచి విమానానికి అడ్డం పడ్డానని ఇన్నేళ్లూ అందరికీ చెబుతున్నాను. అబద్ధం. అడ్డం పడ్డది మేస్త్రీ. బోర్డు మీది స్క్రూడ్రైవర్ పిడి మీద మా షెడ్డు నంబరు లేదని ఆఖరి నిమిషంలో ఆయన కంటబడింది. పైలట్‌ని దింపి, సీటు కింది రేకు విప్పించాడు. పాతది తోకను తిప్పే తీగ పక్కనే పడుంది. పైకి లేచాక ఆ తీగకి అడ్డుపడితే, పైలట్ తిరిగొచ్చేవాడు కాదు.

అతిథుల ముందు పరువు పోయిందని దొర మండిపడ్డాడు. ఎవరి పని ఇది అన్నాడు. మేస్త్రీ నా వైపు చూశాడు. నేను నా బూట్లు చూసుకున్నాను.

"సంతకం నాది సార్" అన్నాడాయన.

ఆ రోజే ఆయన్ని పనిలోంచి పంపేశారు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, వచ్చీరాని తెలుగులో, "పోతే పోయిందని చెప్పాలి తంబీ, అంతే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

దొర రెంచి ఎలా పట్టుకున్నా ఎవరి ప్రాణం మీదికీ తేలేదు. నిన్న అమ్మాయికి ఇదంతా చెప్పేశాను. ఆమె పుస్తకం మూసి, "ఆయన ఇప్పుడెక్కడున్నారంకుల్?" అంది. ఆయన పోయి చాలా కాలమైందట, అదీ ఎవరో చెబితే తెలిసింది అన్నాను. ఆ రోజు నోరు విప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం దాటడానికి నాకు ఇంత ముసలితనం కావలసి వచ్చింది.